సినగాగ్‌లో పూరీం ఏర్పాట్లకు సాయం చేయమన్నారు, ఏమేం చూసుకోవాలి?

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది: కోడలు యూదుల అమ్మాయి. న్యూజెర్సీలో వాళ్ల ప్రార్థనామందిరమైన సినగాగ్‌లో పూరీం ఏర్పాట్లకు సాయం పట్టమన్నారు. వంద మంది దాకా వస్తారు, అందులో సగం పిల్లలే. హోళీలాంటి వసంత పండుగ అని విన్నారు. ఇంటి నుంచి ఏమైనా వండి పట్టుకెళ్లొచ్చా, అక్కడ పని ఎలా సాగుతుంది అన్నది ప్రశ్న.

వంట సంగతి ముందు తేల్చుకోండి, మనవాళ్లకు ఇబ్బంది ఎదురయ్యేది అక్కడే. ఇంట్లో చేసిన లడ్డూలు, అరిసెలు ఎంత శుభ్రంగా చేసినా చాలా సినగాగ్‌లలో బల్ల మీద పెట్టరు. కోషర్ అనే యూదుల ఆహార నియమంలో పదార్థంతో పాటు గిన్నె, పొయ్యి, ఒవెన్ కూడా లెక్కకు వస్తాయి. అందుకే ఆ సమాజంలోని యూదుల ఇళ్ల నుంచి వచ్చే వంటను కూడా చాలాచోట్ల తీసుకోరు. కాబట్టి మనసు చిన్నబుచ్చుకోకండి. కోయని పండ్లు, కోషర్ గుర్తు ఉండి సీలు తీయని పొట్లాలు నిశ్చింతగా పట్టుకెళ్లొచ్చు. వండాలనే ఉంటే సినగాగ్ వంటగదిలోనే, వాళ్ల గిన్నెలతో చేయాలి. నియమం గట్టిగా పాటించే చోట పొయ్యి వెలిగించడం యూదులే చేస్తారు.

ఇక తేదీ. పూరీం యూదుల పంచాంగంలో అదార్ నెల 14వ రోజు. యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి 2027లో మార్చి 22 సోమవారం సాయంత్రం మొదలై 23 మంగళవారం సూర్యాస్తమయంతో ముగుస్తుంది. యెరూషలేములో మాత్రం అదార్ 15న చేస్తారు. మన ఫాల్గుణ పౌర్ణమికి దగ్గరగా రావడం వల్లే హోళీ పోలిక వచ్చింది. 2025లో రెండూ మార్చి 14నే పడ్డాయి. 2021లో పూరీం ఫిబ్రవరి 26న, హోళీ మార్చి 29న వచ్చాయి. రెండు పంచాంగాల్లోనూ అధికమాసం ఉంది కానీ అది ప్రతిసారీ ఒకే ఏడు పడదు, ఆ నెల తేడా అందుకే. కొంకణ తీరపు బెనె ఇజ్రాయేల్ యూదులు పూరీంను మరాఠీలో ‘హోళీచా సణ్’ అనే పిలుచుకునేవారు. పోలిక అంతవరకే. పూరీంకు మూలం ఎస్తేరు గ్రంథం. పారసీక రాజు దగ్గర మంత్రిగా ఉన్న హామాను, యూదులందరినీ చంపడానికి చీటీలు వేసి రోజు ఎంచుతాడు. పూర్ అంటే ఆ చీటీయే. రాణి ఎస్తేరు, ఆమెను పెంచిన మొర్దెకై కలిసి దాన్ని తిప్పికొడతారు. ఆ గ్రంథం మొదటి వచనంలోనే మన దేశం పేరు ఉంది: రాజ్యం హొదు నుంచి కూషు వరకు, 127 సంస్థానాలు. హొదు అంటే ఇండియా.

పండుగకు నాలుగు విధులు. గ్రంథం వినడం (రాత్రి ఒకసారి, మర్నాడు పగలు మళ్లీ), పేదలకు ఇవ్వడం, తెలిసినవారికి తినుబండారాలు పంపడం, పగటి విందు. వేషాలు, నాటికలు, మిఠాయిలు వీటి చుట్టూ చేరిన సంబరం. ఏర్పాట్లు చూసేవాళ్లు వేషాల దగ్గర మొదలుపెడతారు, అది తలకిందులు. మొదట చూసుకోవాల్సింది గ్రంథపఠనం సాగే ఆ ముక్కాలు గంట.

ఆ చదివేది మెగిల్లా, అంటే ఎస్తేరు గ్రంథాన్ని తోలు మీద చేత్తో రాసిన చుట్ట. 10 అధ్యాయాలు, 167 వచనాలు. అందులో అచ్చుల గుర్తులుండవు, రాగం గుర్తులుండవు. చదివేవాళ్లు రెండూ ముందే కంఠతా పట్టాలి. ఒక్కరే చదివితే 35 నుంచి 45 నిమిషాలు. పదిమందికి పంచుతుంటే అధ్యాయానికొకరని గుడ్డిగా పంచకండి: తొమ్మిదోదాంట్లో 32 వచనాలుంటే పదోదాంట్లో మూడే. కొత్తవాళ్లకు ఏడో అధ్యాయం (10 వచనాలు) ఇవ్వండి, తొమ్మిదో అధ్యాయం అనుభవం ఉన్నవారికి. అందులోనే హామాను పదిమంది కొడుకుల పేర్లు ఒకే ఊపిరిలో చదవాలి. కొన్ని వచనాలకు విలాపగ్రంథపు రాగం వాడతారు. మొదటిసారి చదివేవాళ్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల సాధన కావాలి.

చప్పుడు సంగతి జాగ్రత్తగా వినండి. హామాను పేరు వచ్చినప్పుడల్లా గ్రాగర్లు (చప్పుడు చేసే గిలకలు) తిప్పి, కాళ్లతో నేలను తన్ని ఆ పేరును ముంచేస్తారు. ఆ పేరు 54 సార్లు వస్తుంది. ఒక్కోసారి 15 సెకన్లు చప్పుడైతే పదమూడున్నర నిమిషాలు దానికే పోతాయి, 5 సెకన్లకే ఆపగలిగితే నాలుగున్నర నిమిషాలు. కొన్ని సమాజాల్లో హామాను పేరు బిరుదుతోనో, వంశం పేరుతోనో కలిసి వచ్చినచోట మాత్రమే చప్పుడు చేస్తారు. ఇది ఓపిక ఒక్కదానికి సంబంధించిన మాట కాదు. ప్రతి మాటా చెవిన పడాలన్నది నియమం. ఎక్కువగా వినపడకుండా పోయేది హామాను పేరు తర్వాతి మాట. చదివేవారు చప్పుడు పూర్తిగా అణగకముందే ముందుకు వెళ్లిపోతారు. దీనికి పనిచేసే ఉపాయం: చదివేవారి పక్కన ఒకరు రెండు రంగుల అట్ట పట్టుకుని నిలబడతారు. పచ్చ చూపితే చప్పుడు, ఎరుపు చూపితే నిశ్శబ్దం. ఎరుపు చూపాక మూడు లెక్కపెట్టేదాకా చదివేవారు నోరు తెరవకూడదు. ఇద్దరికొకటి చొప్పున అచ్చు పుస్తకాలు పంచండి. మాట వినపడనివాళ్లు వెంటనే పుస్తకంలోంచి చదువుకుని మళ్లీ అందుకుంటారు.

గ్రాగర్లు కొనడానికి డబ్బు పెట్టక్కర్లేదు. సీలు తీయని మకరోనీ పెట్టెలు తెచ్చి ఊపమనడం అమెరికాలో చాలా సమాజాలకు అలవాటు. పఠనం కాగానే వాటిని ద్వారం దగ్గర పీపాలో వేస్తారు, అవి ఫుడ్ బ్యాంకుకు వెళ్తాయి. బొమ్మ తుపాకీల మందు, టపాసులు వద్దని ఆహ్వానంలోనే రాయండి. పెద్ద శబ్దానికి తట్టుకోలేని పిల్లలుంటారు, వినికిడి యంత్రం పెట్టుకున్న పెద్దలుంటారు. వాళ్లకు చప్పుడు లేని పఠనం వేరే గదిలో పెట్టాలి, రెండో చుట్ట, చదివే మనిషి దొరికితే. లేకపోతే ఒక పక్క వరుసలు వాళ్లకు కేటాయించి చెవులకు రక్షణ కప్పులు నాలుగైదు ఉంచండి. మైకు పెట్టాలా వద్దా అన్నది మీరు నిర్ణయించకండి. పాత నియమాలను గట్టిగా పాటించే ఆర్థొడాక్స్ సమాజాల్లో మైకులో విన్నది చెల్లదంటారు, వాటిని సడలించుకున్న రిఫార్మ్ వాళ్లు మామూలుగా వాడతారు. రబ్బీని, అంటే వాళ్ల మతగురువును అడగాలి.

వేళ కూడా చిక్కే. మార్చి 22న న్యూజెర్సీలో సూర్యాస్తమయం సుమారు 7:10, పఠనం బాగా చీకటి పడ్డాకే. అంటే ఎనిమిది అవుతుంది. ఆ రోజు ఎస్తేరు ఉపవాసం, పెద్దలు తెల్లవారుజాము నుంచి ఏమీ ముట్టరు. ఉపవాసం ఉన్నవాళ్లకు పొద్దు పోయాక మంచినీళ్లు, పళ్లరసం, ఒక బిస్కట్టు ద్వారం దగ్గరే అందించండి. పూర్తి భోజనం పఠనం తర్వాతే. వేషాల ఊరేగింపు, చేతిపనుల బల్ల పఠనానికి ముందు పెడితే పిల్లలకు పొద్దు గడుస్తుంది. పూరీం ష్పీల్ అనే నాటిక మాత్రం తర్వాత, 20 నిమిషాలకు మించకుండా. ముందు పెడితే నాలుగో అధ్యాయానికే పిల్లలు ఒళ్లో నిద్రపోతారు. ముఖం పూర్తిగా కప్పే ముసుగులు ద్వారం దగ్గర తీయించాలి. నిజంలా కనిపించే ఆయుధాలు లోపలికి రాకూడదు. భద్రత చూసేవాళ్లకు వచ్చేవారి పేర్ల జాబితా ముందురోజే ఇవ్వండి.

ఇప్పుడు హామాన్‌టాషెన్. మూడు మూలల బిస్కట్టు, మధ్యలో పూర్ణం. ఇజ్రాయెల్‌లో దీన్ని హామాను చెవులంటారు. మాంసం వడ్డించే చోట పాల పదార్థం పెట్టకూడదు కనుక వెన్న వద్దు, నూనెతో కలపండి. ఒక వాయికి మైదా 340 గ్రాములు, చక్కెర 150 గ్రాములు, గుడ్లు 2, నూనె 120 మి.లీ., నారింజ రసం 2 టేబుల్ స్పూన్లు, నారింజ తొక్క తురుము, బేకింగ్ పౌడర్ 1 టీస్పూను, ఉప్పు పావు టీస్పూను. 35 నుంచి 40 వస్తాయి. వంద మందికి రెండేసి కావాలంటే ఆరు వాయిలు: మైదా రెండు కిలోలు, చక్కెర 900 గ్రాములు, డజను గుడ్లు, నూనె 720 మి.లీ. మైదా జల్లించాలి, ప్రతి గుడ్డూ వేరే గాజు గ్లాసులో కొట్టి రక్తపు చుక్క ఉంటే పారేయాలి. పెద్ద మొత్తంలో ముద్ద కలిపినప్పుడు అందులోంచి చిన్న ఉండ విడిగా తీసే నియమం ఉంది, ఆ వేళకు రబ్బీని గానీ వంటగది బాధ్యులను గానీ పిలవండి.

ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, 3 నుంచి 4 మి.మీ. మందాన వత్తి, 7.5 సెం.మీ. గుండ్రాలు కోయండి. మధ్యలో ఒక్క టీస్పూను పూర్ణం. ఎక్కువైతే తప్పకుండా పొంగి మూలలు విప్పుతుంది. మూడు వైపులా ఒకదాని అంచు ఇంకోదాని కిందికి వెళ్లేలా మడవండి, ఊరికే మూలలు నొక్కితే నిలవవు. 15 నిమిషాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి 180 డిగ్రీల సెల్సియస్‌లో 14 నుంచి 18 నిమిషాలు, అడుగు లేత బంగారు రంగు వచ్చేదాకా కాల్చండి. విచ్చుకుంటున్నాయంటే కారణం వీటిలో ఒకటి: వత్తేటప్పుడు పొడిపిండి ఎక్కువ చల్లారు (అంచుకు తడి వేలు రాయండి), ముద్ద వేడెక్కింది, జామ్ పల్చగా ఉంది. పల్చని జామ్‌ను ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వాడాలి.

పాత పూర్ణం గసగసాలదే. యూరప్ యూదులు నల్లవి వాడతారు, మన తెల్లవి వేసినా రుచికి లోటుండదు, రంగే మారుతుంది. 150 గ్రాములు మిక్సీలో ఆపి ఆపి పొడి చేయాలి, ఒకే పట్టున తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. 150 మి.లీ. నారింజ రసం, 100 గ్రాముల చక్కెర, 2 టేబుల్ స్పూన్ల తేనె, నిమ్మ తొక్క తురుము కలిపి 8 నుంచి 10 నిమిషాలు, గరిటె వెనక బాట పడేదాకా ఉడికించండి. రెండు వాయిలకు సరిపోతుంది. పాతబడ్డ గసగసాలు చేదెక్కుతాయి, నోట్లో వేసుకుని చూశాకే పొడి చేయండి.

మర్నాటి పనుల్లో పేదల వాటాయే మొదటిది. కనీసం ఇద్దరు పేదలకు, ఒక్కొక్కరికి ఒక పూట సాదా భోజనానికి సరిపడేంత, పూరీం పగటిపూటే చేరాలి. విందు మీద, స్నేహితుల పొట్లాల మీద కంటే దీని మీదే ఎక్కువ ఖర్చు పెట్టాలని 12వ శతాబ్దపు ధర్మశాస్త్రవేత్త మైమోనిడీస్ స్పష్టంగా రాశాడు. బడ్జెట్ కాగితంలో ఈ పద్దు పైన రాసుకోండి. రాత్రి పెట్టిన డబ్బాలో డబ్బు పడితే చాలదు, మంగళవారం పగలు దాన్ని ఎవరు, ఎవరికి చేరుస్తారో ముందే ఖాయం కావాలి. వారంలో తర్వాత పంపే చెక్కుతో ఈ విధి తీరదు. ద్వారం దగ్గర పళ్లెంలో మూడు అర డాలరు నాణేలు కనిపిస్తే అవి వేరే ఆచారానివి, వాటిని ఈ డబ్బుతో కలపకండి.

పొట్లాల విధికి ఒక మనిషికి, వండకుండానే తినగలిగే రెండు రకాలు చాలు. రెండింటికీ తినేముందు చెప్పే ఆశీర్వచనాలు వేర్వేరుగా ఉండాలని చాలామంది అనుకుంటారు, అలాంటి నియమం లేదు. బియ్యం, పప్పులాంటి పచ్చి సరుకు పనికిరాదు. రెండు హామాన్‌టాషెన్, ఒక కమలాపండు, చిన్న ద్రాక్షరసం సీసా ఉంటే ముచ్చటగా ఉంటుంది. బాదం, జీడిపప్పులాంటి గింజలున్న పొట్లం మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాయాలి. పంచే కారుకు ఎనిమిది, పది ఇళ్లకు మించి ఇవ్వొద్దు, అన్నీ చీకటి పడేలోపు చేరాలి. విందు కూడా పగలే మొదలవాలి. మద్యం పెడితే విడి బల్ల మీద, 21 ఏళ్లు నిండినవారికే, అందించే మనిషి ఒకరు అక్కడే ఉండి. తాగనివారికి ద్రాక్షరసం.

వసంతం ఈ పండుగ తర్వాత అసలుగా మొదలవుతుంది. పూరీంకు సరిగ్గా 30 రోజులకు పస్కా పండుగ, దానికి పులిసే ధాన్యమేదీ ఇంట్లో ఉండకూడదు. మిగిలిన మైదా, మకరోనీ అందుకే ఇప్పుడే ఖర్చు చేస్తారు. పస్కా నెల నీసాను, నెలల లెక్కలో మొదటిది. 2026లో నీసాను 1వ రోజు, మన ఉగాది ఒకే రోజు, మార్చి 19న పడ్డాయి. ఆ నెలలో పూత మీదున్న పండ్ల చెట్టు చూసి ఏడాదికొకసారి చెప్పే ఆశీర్వచనం ఒకటి ఉంది. సమాజమంతా వెళ్లి చెప్పేలా ఒక ఆదివారం పెట్టమని రబ్బీకి సూచించండి, పిల్లలకు అది బాగా నచ్చుతుంది. చెట్టు ముందే వెతికి పెట్టుకోవాలి: వీధుల్లో అలంకారానికి పెంచే మాగ్నోలియా కుదరదు, తినే పండు కాసేదే కావాలి, ఆపిల్, పియర్, పీచ్ ఏదైనా. ఒకేచోట రెండు చెట్లుంటే మరీ మంచిది. న్యూజెర్సీ చలికి పూత ఆలస్యం కావచ్చు, వారం వారం చూసుకుంటూ ఉండండి. పిందె కట్టి కాయ ఎదిగాక ఆ ఆశీర్వచనం చెప్పరు.