ఎక్సెల్‌లో ఫార్ములా కిందికి లాగితే సున్నాలు వస్తున్నాయా? ఇలా సరిచేయండి

బి నిలువు వరుసలోని అంకెలను ఈ1 గడిలోని పన్ను శాతంతో గుణించాలని సి2లో =బి2*ఈ1 (అంటే =B2*E1) అని రాసి కిందికి లాగితే, మొదటి వరుస తప్ప అన్నీ సున్నాలే వస్తున్నాయా? టెన్షన్ వద్దు, మీ లెక్క సరైనదే. ఒకసారి సి3 మీద డబుల్ క్లిక్ చేసి చూడండి, అక్కడ =బి3*ఈ2 అని ఉంటుంది. బి3 మీకు కావలసిందే. కానీ పన్ను శాతం ఉన్నది ఈ1లో, ఈ2 ఖాళీ. ఖాళీ గడిని ఎక్సెల్ సున్నాగా తీసుకుంటుంది.

సి2లో ఈ1 పక్కన కర్సర్ పెట్టి ఎఫ్4 నొక్కండి. =బి2*$ఈ$1 అవుతుంది. ఎంటర్ కొట్టి మళ్ళీ కిందికి లాగండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్ (Fn) మీట కూడా కలిపి నొక్కాలి.

ఎఫ్4 ఇంకోసారి నొక్కితే ఈ$1, మరోసారికి $ఈ1 వస్తాయి. డాలర్ గుర్తు దేని ముందుంటే అది కదలదు: అక్షరం ముందైతే నిలువు వరుస, అంకె ముందైతే అడ్డ వరుస. అసలు ఉపయోగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఎక్కాల పట్టికలాంటిది కావాలంటే ఎ2 నుంచి కిందికి, బి1 నుంచి పక్కకి అంకెలు వేసి, బి2లో =$ఎ2*బి$1 అని ఒక్కసారి రాసి, ముందు పక్కకి, తర్వాత కిందికి లాగండి, పట్టికంతా నిండిపోతుంది.

ఒక జాగ్రత్త. డాలర్ గుర్తు పనిచేసేది ఫార్ములాని లాగినప్పుడు, కాపీ చేసినప్పుడే. పైన కొత్త వరుస చేరిస్తే $ఈ$1 దానంతట అదే $ఈ$2గా మారుతుంది. అది తప్పు కాదు, మీ పన్ను శాతం అక్కడికే జరిగింది కదా, దాన్ని దిద్దకండి.