వాడిన ప్రతి యాప్‌నూ వెంటనే తీసేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందా?

నాలుగు జీబీ ర్యామ్ (తెరిచిన యాప్‌లు నిలిచి ఉండే తాత్కాలిక మెమరీ) ఉన్న ఫోన్‌లో వాట్సాప్, యూట్యూబ్ వంటివి చూడగానే రీసెంట్స్‌లోంచి, అంటే ఈమధ్య తెరిచిన యాప్‌ల జాబితాలోంచి, పైకి తోసేస్తున్నానని, దానివల్ల ఛార్జింగ్ మిగులుతుందా అని మీరు అడిగారు. మిగలదని నా అనుభవం. అచ్చంపేటలో నేను రెండేళ్లు అదే అలవాటుతో గడిపాను. సాయంత్రం అయ్యేసరికి ఛార్జర్ వెతుక్కోవడం మాత్రం తప్పలేదు.

ఆండ్రాయిడ్‌లో మనం వదిలి వచ్చిన యాప్ చాలాసార్లు ఏ పనీ చేయకుండా ర్యామ్‌లో ఉండిపోతుంది. ర్యామ్ నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా అది తీసుకునే కరెంటులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. స్క్రీన్, ప్రాసెసర్, నెట్, జీపీఎస్ పనిచేసినప్పుడే బ్యాటరీ ఎక్కువగా తరుగుతుంది. చోటు చాలకపోతే సిస్టమే కొన్ని యాప్‌లను ర్యామ్‌లోంచి తొలగిస్తుంది. మనం తోసేసిన దాన్ని పది నిమిషాల్లో మళ్లీ తెరిస్తే అది మొదటినుంచి లోడ్ కావాలి కాబట్టి, ఆదా అనుకున్నది అదనపు ఖర్చు అవుతుంది. ఐఫోన్ల సంగతి ఒక వినియోగదారుడు 2016లో అడిగితే, ఆపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడరిగి కూడా బ్యాటరీ కోసం యాప్‌లను మూయనవసరం లేదనే జవాబిచ్చారు.

యాప్‌లను మరీ కట్టడి చేస్తే జరిగే నష్టం నాకు స్వయంగా తెలుసు. బ్యాటరీ సెట్టింగ్స్‌లో వాట్సాప్‌ను కూడా నేను బ్యాక్‌గ్రౌండ్‌లో నడవకుండా ఆపేశాను. మా అమ్మను మహబూబ్‌నగర్‌లో ఆసుపత్రిలో చేర్చిన రాత్రి, పుణెలో పనిచేసే మా అన్న నాలుగుసార్లు కాల్ చేసినా నా ఫోన్ మోగలేదు. తెల్లవారి వాట్సాప్ తెరిచాకే ఆ మిస్డ్ కాల్స్ కనిపించాయి. కాల్స్, మెసేజ్‌లు, అలారం, బ్యాంకు యాప్‌ల జోలికి వెళ్లవద్దని మీకు గట్టిగా చెప్పడానికి కారణం ఆ రాత్రే.

అయితే తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో యాప్‌లను తీసేయడం పనికొచ్చే సందర్భం ఒకటుంది. మా అమ్మాయి డిగ్రీ దరఖాస్తును బ్రౌజర్‌లో సగం నింపి, మెమో ఫోటో తీయడానికి కెమెరా తెరిచి తిరిగి వచ్చేసరికి పేజీ మళ్లీ లోడై, నింపినదంతా పోయింది. కెమెరాకు చాలా మెమరీ కావాలి, అందుకే సిస్టమ్ బ్రౌజర్‌ను తొలగించింది. అప్పటినుంచి ఫోటోలు ముందే తీసిపెట్టుకొని, అక్కరలేని యాప్‌లను తీసేసి, ఆ తరువాతే దరఖాస్తు మొదలుపెడుతున్నాను.

ఇక మా ప్రాంతంలో బ్యాటరీని తినేది చాలాసార్లు సిగ్నల్. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది, జేబులో ఉన్నా వేడెక్కుతుంది. అక్కడ ఏరోప్లేన్ మోడ్ పెడితే కలిగే మేలు ఇరవై యాప్‌లను తోసేసినా కలగదు.

మీరు ముందుగా సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరిచి, స్క్రీన్ ఆరిపోయి ఉన్నప్పుడు కూడా ఎక్కువగా నడిచిన యాప్ ఏదో చూడండి. నా ఫోన్‌లో అది ఎప్పుడో ఒకసారి వాడిన షాపింగ్ యాప్. దానికి లొకేషన్ అనుమతి ఎల్లవేళలా ఉండేలా నేనే ఇచ్చి మరిచిపోయాను. దాన్ని యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అని మార్చాక, రాత్రి భోజనం వేళకు కూడా ఛార్జింగ్ మిగులుతోంది. మీ జాబితాలో పైన ఉన్న రెండు మూడు పేర్లు ఇక్కడ రాస్తే, వాటిలో దేన్ని ఆపవచ్చో చూసి చెబుతాను.