వ్యభిచారమన్న ఒక మాట, రెండు చట్టాలు

సందేహం: 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో వ్యభిచారం నేరం కాకుండా పోయిందని చదివాను. అయినా వ్యభిచారం కేసులో అరెస్టులంటూ వార్తలు వస్తూనే ఉన్నాయి. ఏది సరి? ఆ కేసుల్లో వినబడే ‘సొలిసిటింగ్’ను తెలుగులో ఏమనాలి?

సమాధానం: రెండూ సరే, చిక్కంతా మాటది. వ్యభిచారమంటే దారి తప్పడం. తర్కశాస్త్రంలో హేతువు (చూపిన కారణం) సాధ్యాన్ని (నిరూపించాల్సినదాన్ని) వదిలి పోతే అదీ వ్యభిచారమే. తెలుగు బైబిలులో ‘వ్యభిచరింపకూడదు’ అన్న ఆజ్ఞ దాంపత్యధర్మానికి సంబంధించినది. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు కొట్టివేసిన భారత శిక్షాస్మృతి 497వ సెక్షనూ అలాంటిదే. దానికి ‘వివాహేతర సంబంధం’ అంటే పేచీ ఉండదు. డబ్బుకు దేహాన్ని అప్పగించడాన్నీ వార్తల్లో వ్యభిచారమనే అంటున్నారు, దానికి మనకు ‘పడుపు’ ఉండనే ఉంది. పడుపు కూడు అన్న మాట విననివారు తక్కువ.

పోలీసులు, విలేకరులు ‘పిటా’ అనే 1956 నాటి చట్టం, అంటే ఇమ్మోరల్ ట్రాఫిక్ (ప్రివెన్షన్) యాక్ట్, పడుపువృత్తిని దానంతటదిగా నేరమనదు. దాని చుట్టూ జరిగేవాటిని శిక్షిస్తుంది. పేరులోని ‘ట్రాఫిక్’ను, ఇక్కడ దాని అర్థం వ్యాపారమైనా, కొందరు ‘అనైతిక రవాణా’ అని తెనిగించారు, ఇదేదో లారీల వ్యవహారమైనట్లు. మీరడిగినది ఎనిమిదో సెక్షను: బహిరంగ స్థలంలో గాని, అక్కడికి కనబడేలా వినబడేలా ఇంటి కిటికీ దగ్గరో బాల్కనీలోనో కూర్చుని గాని, మాటతో, సైగతో, ఒంటి ప్రదర్శనతో ఒకరి దృష్టిని ఆ పనికై లాగడం ఒక భాగం, పిలవడం, వేధించడం, తచ్చాడడం రెండో భాగం. మొదటిసారి దోషిగా తేలితే ఆరు నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1986 సవరణ పురుషుడు ఈ నేరం చేస్తే ఏడు రోజులకు తగ్గకుండా మూడు నెలల వరకు శిక్ష అని చేర్చింది. అదే నేరానికి స్త్రీకి గరిష్ఠం రెట్టింపు కావడం నాకు వింతగానే ఉంటుంది.

ఇంగ్లండులో 1824 నాటి దేశదిమ్మరుల చట్టం వీధుల్లో తిరుగుతూ అసభ్యంగా ప్రవర్తించే ‘సాధారణ వేశ్య’ను శిక్షించేది, 1959 చట్టం ఆ ముద్రను అలాగే ఉంచి, వీధిలో తచ్చాడినా పిలిచినా నేరమే అన్నది. ఆ ముద్ర చట్టంలోంచి పోయింది 2009లో.

ఇక అనువాదం. నిఘంటువు చూసి ‘అభ్యర్థించడం’ అంటే అర్జీ పెట్టినట్లుంటుంది. ‘ప్రేరేపించడం’ అంతకన్నా తప్పు. అది ఒకరిని ఈ వృత్తిలోకి దింపేవారి నేరం, ఐదో సెక్షను. ఎనిమిదో సెక్షను మొదటి భాగానికి ‘విటులను ఆకర్షించడం’, రెండో భాగంలోని సొలిసిటింగుకు ‘విటులను పిలవడం’ సరిపోతాయి.