జీటీఎక్స్ 1080కి తోడు ఇంకో 1080 కొనాలా, ఒకే కొత్త కార్డుకి మారాలా?

మీ దగ్గర జీటీఎక్స్ 1080 గ్రాఫిక్స్ కార్డు ఉంది. సెకండ్ హ్యాండ్‌లో అలాంటిదే ఇంకొకటి చవకగా వస్తోంది. రెండూ కలిపి ఎస్‌ఎల్‌ఐలో (రెండు కార్డులు ఒకే గేమ్ పనిని పంచుకునే ఎన్‌విడియా పద్ధతి) నడిపితే కొత్త కార్డు ఖర్చు తప్పుతుందా అని అడిగారు. తప్పదు. గేమింగ్ కోసమే అయితే రెండోది కొనకండి. ఉన్నదాన్ని అమ్మి, ఆ డబ్బుకి మరికొంత కలిపి ఒకే మంచి కార్డు తీసుకోండి. అంత డబ్బు ఇప్పుడు వీలు కాకపోతే ఈ 1080తోనే ఇంకొన్నాళ్లు ఆడుకోండి. రెండోదాని మీద డబ్బు పెట్టడం కన్నా అదే మేలు.

నేను రెండు జీటీఎక్స్ 970లు కలిపి చాలాకాలం వాడాను. ఎస్‌ఎల్‌ఐకి సరిగ్గా కుదిరిన గేమ్‌లో ఫ్రేమ్స్ ఒక్కసారిగా పెరిగేవి, చూస్తుంటే నిజంగా సంబరంగా ఉండేది. కానీ కొత్త గేమ్ వచ్చిందంటే చాలు, డ్రైవర్‌లో దానికి ప్రొఫైల్ (ఆ గేమ్‌లో రెండు కార్డులూ ఎలా కలిసి పనిచేయాలో చెప్పే సెట్టింగ్స్) వచ్చిందా లేదా అని టెన్షన్. రాకపోతే రెండో కార్డు ఊరికే కూర్చునేది. కొన్ని గేముల్లో రెండూ పనిచేసేవి కానీ నీడలు, నీళ్లు మినుకుమినుకుమంటూ కనిపించేవి. ఎస్‌ఎల్‌ఐ ఆపేస్తే గానీ ఆడలేకపోయేవాణ్ణి.

అప్పుడు కనీసం ఎదురుచూస్తే ప్రొఫైల్ వచ్చేది. ఇప్పుడు ఆ దారి కూడా మూసుకుపోయింది. ఆర్టీఎక్స్ 20 సిరీస్, అంతకుముందు కార్డులకి (మీ 1080 కూడా వాటిలోదే) 2021 జనవరి 1 నుంచి కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైల్స్ ఇవ్వబోమని ఎన్‌విడియా ముందే ప్రకటించింది. 30 సిరీస్ గేమింగ్ కార్డుల్లో 3090, 3090 టీఐలకే రెండు కార్డుల్ని కలిపే కనెక్టర్ పెట్టారు, 40 సిరీస్‌లో అదీ తీసేశారు. ఏఎండీ కూడా ఇంతే, ఎస్‌ఎల్‌ఐ లాంటి తన క్రాస్‌ఫైర్‌ని పక్కన పెట్టేసింది. గేమ్‌లు గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించుకునే కొత్త పద్ధతులు డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ వచ్చాక రెండు కార్డుల మధ్య పని పంచే బాధ్యత డ్రైవర్ నుంచి గేమ్ తయారుచేసేవాళ్ల మీదికి వెళ్లింది. రెండు కార్డులు వాడేవాళ్లు బహు కొద్దిమంది కాబట్టి దాదాపు ఎవరూ ఆ శ్రమ పడటం లేదు.

అసలు చిక్కు ఎక్కడుందో చెబుతాను. ఎస్‌ఎల్‌ఐలో ఎక్కువగా జరిగేది ఒక ఫ్రేమ్ ఈ కార్డు, తర్వాతి ఫ్రేమ్ ఆ కార్డు గీయడం. ఇప్పటి గేమ్ ఇంజిన్లు అంచుల్ని నున్నగా చేయడానికీ, వెలుతురు లెక్కలకీ ముందు ఫ్రేమ్‌లోని సమాచారం వాడుకుంటాయి. ఆ ముందు ఫ్రేమ్ పక్క కార్డులో ఉంటుంది. అక్కడి నుంచి తెచ్చుకునేలోపు లాభం కరిగిపోతుంది.

ఇంకొకటి, ఫ్రేమ్స్ లెక్క బాగున్నా ఆట బాగుండకపోవడం. సెకనుకి 60 ఫ్రేమ్స్ అంటే ఒక్కోటి సుమారు 16.7 మిల్లీసెకన్లకి రావాలి. రెండు కార్డుల మధ్య అడుగు తప్పితే ఒకటి 8 మిల్లీసెకన్లకి, తర్వాతిది 25కి వస్తుంది. సగటు చూస్తే అదే 60. కంటికి మాత్రం 40 ఫ్రేమ్స్ గేమ్‌లాగే ఉంటుంది. దీన్నే మైక్రో స్టటర్ అంటారు. నా 970లతో మౌస్ వేగంగా తిప్పినప్పుడు ఇది బాగా తెలిసేది, పైన కౌంటర్ మాత్రం నిబ్బరంగా మంచి అంకె చూపించేది. ఒక్క కార్డు మీద తక్కువ ఫ్రేమ్స్‌తో ఆడినా హాయిగా అనిపించేది.

మెమొరీ గురించి కూడా చాలామంది పొరబడతారు. రెండు 8 జీబీ కార్డులు కలిస్తే 16 జీబీ అవదు. ఒకే టెక్స్చర్లు రెండింటిలోనూ ఉండాలి కాబట్టి గేమ్‌కి దక్కేది 8 జీబీయే.

మదర్‌బోర్డు సంగతీ ఉంది. ఎస్‌ఎల్‌ఐకి బోర్డులో సపోర్ట్ ఉండాలి, రెండో స్లాట్‌కి కనీసం 8 లేన్లు (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా నడిచే దారులు) అందాలి. చాలా మామూలు బోర్డుల్లో అవి రావు. కరెంటు, వేడి చెప్పనక్కర్లేదు: ఒక్కో 1080కి 180 వాట్లు, రెండింటికీ 360. పై కార్డు పీల్చుకునేది కింది కార్డు వదిలిన వేడిగాలే. అదే ఆర్టీఎక్స్ 4070 అయితే 200 వాట్లలో, 12 జీబీ మెమొరీతో, ఒక్క 1080కి దాదాపు రెట్టింపు వేగం ఇస్తుంది. అదీ ప్రొఫైల్ ఉన్న గేముల్లోనే కాదు, అన్నింటిలోనూ. రే ట్రేసింగ్ (వెలుతురు, నీడల్ని సహజంగా లెక్కగట్టడం), డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మని ఏఐతో పెద్దది చేసి ఫ్రేమ్స్ పెంచే ఎన్‌విడియా పద్ధతి) అదనం. ఈ డీఎల్‌ఎస్‌ఎస్ 1080లు ఎన్ని పెట్టినా రాదు.

డబ్బు తీసే ముందు ఒక పని చేయండి. మీరు ఎక్కువగా ఆడే గేమ్ నడుస్తుండగా ఆఫ్టర్‌బర్నర్ లాంటి టూల్‌తో గ్రాఫిక్స్ కార్డు వాడకం చూడండి. ఫ్రేమ్ లిమిట్, వీ-సింక్ (ఫ్రేమ్స్‌ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపేసి చూడాలి. 97, 98 శాతం దగ్గర ఉంటే కార్డు మార్చడం సరైనదే. 60, 70 దగ్గర ఆగిపోతుంటే చాలావరకు ప్రాసెసర్ వెనకబడుతోందని అర్థం. అప్పుడు ఏ కార్డు పెట్టినా పెద్దగా తేడా రాదు, ముందు ప్రాసెసర్ సంగతి చూసుకోండి.

మీరు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ కూడా చేస్తుంటే నా జవాబు కొంచెం మారుతుంది. అందులోని రెండరింగ్ ఇంజిన్ సైకిల్స్ రెండు కార్డుల్నీ చక్కగా వాడుకుంటుంది, ఎస్‌ఎల్‌ఐ అవసరమే లేదు. అలాగే లాస్‌లెస్ స్కేలింగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో గేమ్‌ని కొత్త కార్డు మీద నడుపుతూ, మధ్యలో చేర్చే ఫ్రేమ్స్ పని పాత కార్డుకి అప్పగించవచ్చు. అలా అయినా ముందు కొత్త కార్డు కొనండి, ఆ తర్వాత 1080 అమ్మాలా ఉంచాలా ఆలోచించండి. కొనే ముందు క్యాబినెట్ లోపల పొడవు కొలుచుకోవడం మర్చిపోకండి, ఇప్పటి కార్డుల్లో కొన్ని 30 సెంటీమీటర్లు దాటుతున్నాయి.