రాత్రి రెండింటిదాకా బీజీఎంఐ: గాజువాక తమ్ముడికి సమాధానం

తమ్ముడూ, డ్యూటీ నుంచి వచ్చి రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో బీజీఎంఐ అనే షూటింగ్ గేమ్ ఆడుతున్నానని, స్నేహితులు పిలవడం మానేశారని, అమ్మ అన్నం పెట్టుకుని ఎదురుచూస్తోందని రాశావు. ఆట పూర్తిగా మానెయ్యమని నేను చెప్పను. ఆటలో నీ జట్టు, అదే నీ స్క్వాడ్‌లో వాళ్లూ స్నేహితులే కదా.

ఆటలోని ఎరాంగెల్ మ్యాప్‌లో క్లాసిక్ మ్యాచ్ చివరిదాకా ఆడితే దాదాపు అరగంట. మధ్యలో ఆపడానికుండదు, అమ్మ పిలిచినా లేవలేవు. అందుకే గంటలు కాదు, మ్యాచ్‌లు లెక్కపెట్టుకో. అన్నం తిన్నాకే ఆట మొదలయ్యే లాబీలోకి వెళ్లు. "ఇవాళ రెండే" అని స్క్వాడ్‌కి ముందే చెప్పెయ్.

ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యాప్ టైమర్ పెట్టినా లాభం లేదన్నావు. అది అర్ధరాత్రి దాటగానే మళ్లీ మొదటికొస్తుంది, నీ ఆట అసలు జోరందుకునేదే అప్పుడు! అందులోనే ఉండే బెడ్‌టైమ్ మోడ్ పదకొండుకి పెట్టుకో. తెర నలుపు తెలుపైపోతే ఆడాలన్న సరదా సగం పోతుంది.

స్నేహితులు పిలుస్తారని చూడకు, నువ్వే పిలువు. ఆదివారం పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరికి రమ్మను. ఆ వేళ బీచ్ రోడ్డులో బళ్లు తిరగనివ్వరు, హాయిగా కబుర్లాడుకుంటూ నడవచ్చు.

డ్యూటీ కూడా ఎగ్గొట్టే దాకా వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకు. 2022 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11 అనే జబ్బుల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని, అంటే ఆట మీద అదుపు తప్పే జబ్బుని చేర్చింది. వాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, మొహమాటపడకుండా వెళ్లు.