టెక్ సందేహాలు: సరకు ఓడకు బ్యాటరీ చాలదా?

ప్రశ్న: బస్సులు, లారీలు కూడా బ్యాటరీతో నడుస్తున్నాయి. కంటైనర్ ఓడలో బోలెడంత చోటు ఉంటుంది కదా, కొన్ని పెట్టెల నిండా బ్యాటరీలు సర్దితే సరిపోదా?

జవాబు: దగ్గరి దూరమైతే సరిపోతుంది. నార్వేలో హెరోయా ఎరువుల కర్మాగారం నుంచి పక్కనున్న బ్రెవిక్ రేవుకు సరకు చేరవేసే ‘యారా బిర్కెలాండ్’ 2022 నుంచి కరెంటుతోనే తిరుగుతోంది. అది మోసేది 120 పెట్టెలు. బ్యాటరీలో పట్టేది దాదాపు 7 వేల యూనిట్లు, మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లే.

సముద్రాలు దాటే ఓడ లెక్క వేరు. రోజుకు 100 టన్నుల ఫర్నేస్ ఆయిల్ తాగేదాన్ని తీసుకోండి. కిలో ఆయిల్‌లో సుమారు 11 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజిన్ సగం వేడిగా పోగొట్టినా ప్రొపెల్లర్‌కు రోజుకు 5.5 లక్షల యూనిట్లు దక్కుతాయి. యారా బ్యాటరీ ఈ ఓడను 20 నిమిషాలు కూడా నడపలేదు. కిలోకు 0.15 యూనిట్లు దాచే బ్యాటరీలతో ఒక్క రోజు నడవాలన్నా 3,600 టన్నులకు పైగా మోయాలి. ఇరవై రోజుల ప్రయాణమైతే 70 వేల టన్నులు దాటుతుంది. ఇక సరకు ఎక్కడ పెడతారు?

ప్రశ్న: మిథనాల్ అనే ఆల్కహాల్‌తో నడిచే ఓడలు వచ్చాయంటున్నారు. కార్బన్ లేని అమ్మోనియా అంతకంటే మేలు కాదా?

జవాబు: కాగితం మీద మేలే. కానీ అమ్మోనియాను ద్రవంగా ఉంచాలంటే మైనస్ 33 డిగ్రీలకు చల్లబరచాలి, లేదా ఒత్తిడిలో నిల్వ చేయాలి. పైగా అది విషం. నడిసముద్రంలో ఇంజిన్ గదిలో లీకైతే సిబ్బంది పరుగెత్తడానికి చోటుండదు. సరిగ్గా కాలకపోతే నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 270 రెట్లు.

మిథనాల్ మామూలు ఉష్ణోగ్రతలోనే ద్రవంగా ఉంటుంది. అందుకే డెన్మార్క్ ఓడల కంపెనీ మెర్స్క్ 2023లో 2,100 పెట్టెల ‘లారా మెర్స్క్’ను దానితో నడిపించగలిగింది. ట్యాంకు మాత్రం ఫర్నేస్ ఆయిల్ ట్యాంకుకు రెండున్నర రెట్లు కావాలి. అది మండినా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ కార్బన్ మొక్కలు గాలి నుంచి తీసుకున్నదా, భూమిలోంచి తవ్వి తీసిందా అన్నదే అసలు ప్రశ్న. సహజవాయువు నుంచి తీసిన మిథనాల్ పోసి పచ్చ రంగు బోర్డు తగిలిస్తే నేను ఒప్పుకోను. నేటి అమ్మోనియాలో అధిక భాగం కూడా సహజవాయువు, బొగ్గుల నుంచి వస్తున్నదే.

ప్రశ్న: తెరచాపలు మళ్లీ వస్తున్నాయన్నది నిజమేనా?

జవాబు: నిజమే. 2023లో ‘పిక్సిస్ ఓషన్’ అనే సరకు ఓడ 37.5 మీటర్ల ఎత్తున్న రెండు గట్టి రెక్కలు కట్టుకుని షాంఘై నుంచి బ్రెజిల్‌కు బయలుదేరింది. ఇంజిన్ ఉండాల్సిందే, గాలి వీచినంత మేర ఆయిల్ మిగులుతుంది. ఇప్పటికే తిరుగుతున్న ఓడలకూ అమర్చుకోవచ్చు కాబట్టి, కొత్త ఇంధనం కోసం ఎదురుచూసే యజమానులు ముందు దీన్ని పరిశీలించడం మంచిది.