చేసేది గుమాస్తా పని, ఇచ్చేది అటెండర్ జీతం

ప్రశ్న: నేను విజయవాడలో ఉంటాను. దగ్గర్లోని ఒక మున్సిపాలిటీలో 2015లో కారుణ్య నియామకం కింద ఆఫీస్ సబార్డినేట్‌గా, అంటే అటెండర్‌గా చేరాను. డిగ్రీ ఉంది. నాలుగేళ్ల కిందట రెవెన్యూ సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంట్ (గుమాస్తా) రిటైరయ్యారు. "ఆ సీటు నువ్వు చూడు" అన్నారు పైవాళ్లు. అప్పటి నుంచి ఆస్తి పన్ను ఫైళ్లన్నీ నావే, జీతం మాత్రం పాతదే. నన్ను జూనియర్ అసిస్టెంట్‌గా గుర్తించమని కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. కానీ అడగాల్సింది అది కాదండీ. ఏ పోస్టుకు ఏ స్కేలు అన్నది ప్రభుత్వం, పీఆర్సీ (వేతన సవరణ సంఘం) తేల్చే విషయం. కోర్టులు సాధారణంగా అందులో వేలు పెట్టవు. ప్రమోషన్ అడిగితే సీనియారిటీ లిస్టు బయటికి తీస్తారు, మీకంటే ముందున్నవాళ్లు అడ్డం వస్తారు. ఆ సీటులో పనిచేసిన కాలానికి జీతం తేడా ఇమ్మని అడగండి.

ఈ కోరికకు బలం ఉంది. అండమాన్‌లో సెల్వరాజ్ అనే ప్రైమరీ టీచర్‌కు స్కౌట్స్ సెక్రటరీ బాధ్యతలు అప్పగించి, ఆ పోస్టు జీతం ఇవ్వలేదు. అది ప్రమోషన్ కాకపోయినా, పని చేయించుకున్నన్నాళ్లూ ఆ జీతం ఇచ్చి తీరాలని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో అరిందమ్ చటోపాధ్యాయ కేసులో పశ్చిమ బెంగాల్ ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే శిశు అభివృద్ధి పథకం) అధికారులకూ పై పోస్టు జీతమే ఇప్పించింది.

అయితే సెల్వరాజ్ చేతిలో ఆర్డర్ ఉంది. మీ దగ్గర ఉన్నది నోటిమాట. మీ కేసులో నాకు టెన్షన్ అంతా ఇక్కడే. ఎంతోమంది కష్టం ఇలా కాగితం లేక వృథా కావడం చూశాను, బాధేస్తుంది. ఫైల్లో మీరు రాసిన నోట్ కింద మీ పొట్టి సంతకం, దాని పక్కన పై అధికారి "చూశాను" అని పెట్టిన తేదీ ఉంటాయి చూడండి, అదే మీకు ఆర్డర్‌తో సమానం కాకపోయినా దానికి దగ్గరి సాక్ష్యం. ఆ నోట్ షీట్లు, టపా రిజిస్టర్‌లో (ఆఫీసుకు వచ్చిన కాగితాలు రాసే పుస్తకం) మీరు అందుకున్న పేజీలు, ఆ పోస్టు ఖాళీగా ఉందన్న వివరం సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఫైళ్లు మీరే ఇంటికి పట్టుకెళ్లి జిరాక్స్ తీయించుకోవద్దు, అది మీ మీదికే ఛార్జ్ మెమోగా (క్రమశిక్షణ చర్య నోటీసుగా) తిరుగుతుంది.

2022 స్కేళ్లలో మీ పోస్టు 20,000 దగ్గర, జూనియర్ అసిస్టెంట్ 25,220 దగ్గర మొదలవుతాయి. అలాగని నెలకు 5,220 వస్తుందని లెక్కేసుకోకండి. ఇంక్రిమెంట్లతో మీ బేసిక్ పెరిగి ఉంటుంది కాబట్టి తేడా తగ్గుతుంది.

కాగితాలు చేతికొచ్చాక కమిషనర్‌కు అర్జీ పెట్టి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. సమాధానం రాకపోతే నేలపాడులోని హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ పిటిషన్ వేయవచ్చు. ఈలోగా పని మానేయకండి. 2008 నాటి సుప్రీంకోర్టు తర్సేమ్ సింగ్ తీర్పు తర్వాత, పాత బకాయిలు మామూలుగా రిట్ వేసిన తేదీకి ముందు మూడేళ్లకే ఇస్తున్నారు. మీకు నాలుగేళ్లు నిండాయంటే ఒక ఏడాది డబ్బు ఇప్పటికే పోయినట్టే. ఇక నుంచి ఆలస్యమైన ప్రతి నెలా ఇంకో నెల తేడా పోతుంది.